వడపోత బిళ్ళ

మూడు పాయలూ చేతిలోకి తీసుకున్నాక, ఏది దేని మీదుగా వెయ్యాలో ఆయనకు మళ్లీ తికమక వచ్చింది. ఇరవై రెండు రోజులుగా పొద్దున్నే ఇదే పని. భార్య వీపు చూపించి స్టూలు మీద కూర్చుంటుంది. ఆవిడ కుడి చెయ్యి మోచేతి పై దాకా కట్టులో ఉంటుంది. ఆయన వెనక నిలబడి జడ వేస్తాడు. తుప్పు పట్టిన వాల్వులను కళ్లు మూసుకుని తిప్పగలిగిన చేతులు ఈ పిడికెడు జుట్టు దగ్గర మాత్రం ఇంకా ఓనమాలు దిద్దుకుంటున్నాయి.

"నిద్దట్లో అంకెలు చెప్తున్నారు," అంది ఆవిడ గోడవైపు చూస్తూనే.

"ఏ అంకెలు?"

"నూట నలభై ఒకటి. తరవాత నూట యాభై తొమ్మిది. మళ్లీ నూట నలభై ఒకటి. రాత్రంతా ఇదే పాట. బస్సు నంబర్లా?"

"పంపువి."

"ముప్పై ఏళ్లలో పంపుని ఎప్పుడూ కలవరించలేదే."

ఆయన జడ చివర రబ్బరు బ్యాండు వేశాడు. జడ ఒక పక్కకు లాగేసి ఉంది. ఆవిడ ఎడమ చేత్తో తడిమి చూసుకుని, నిన్నటి కంటే నయమే అంది. నిన్నా అదే మాట అంది. ఆయన క్యారేజీ తీసుకుని గుమ్మం దాటాక చొక్కా జేబులో కళ్లద్దాల డబ్బా ఉందో లేదో ఒకసారి నొక్కి చూసుకున్నాడు. ఉంది. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. డబ్బాలో ఉన్నది వేరే.

సైకిలు మీద చమురు బావుల స్టేషనుకు పావుగంట దారి. రోజూ ఆ పావుగంటా ఆయన దేని గురించీ ఆలోచించేవాడు కాదు, ముందు చక్రం చూస్తూ తొక్కేవాడు. ఈమధ్య అలా కుదరడం లేదు. మలుపు మలుపుకూ జేబు తడుముకుంటున్నాడు. ఈ రోజు మరీను. పెద్దాఫీసు నుంచి ఇంజనీరమ్మ వస్తున్నదని, తొమ్మిదో నంబరు బావి సంగతి తేల్చేస్తుందని నిన్న సాయంత్రమే కబురు వచ్చింది.

స్టేషనులో అందరూ ఆయన్ని నీళ్లాయన అంటారు. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. చమురు బావుల వాళ్లు భోజనాల దగ్గర, "మేము నూనె తీస్తాం, నువ్వు నీళ్లు పోస్తావు, మధ్యలో జీతం మాత్రం ఇద్దరికీ" అని ఆటపట్టిస్తే ఆయన నవ్వి ఊరుకునేవాడు. భూమి కింద చమురు చెరువులా నిలిచి ఉంటుందనుకునే వాళ్లు ఎదురైతే మాత్రం కూర్చోబెట్టి చెప్పేవాడు. చెరువూ లేదు, గుంటా లేదు, ఉన్నదల్లా రాయి. నూనె పీల్చుకున్న ఇటుకను ఊహించుకోండి, అనేవాడు. ఒక పక్క నుంచి నీళ్లు ఎక్కించి తోస్తే రెండో పక్క నుంచి నూనె చెమటలా ఊరుతుంది. ఇక్కడి రాయి మరీ పిసినారిది. దాని సందులు కంటికి ఆనవు. అందులో నీళ్లు రోజుకు జానెడు నడిస్తే గొప్ప. ఈ రోజు తొమ్మిదో బావిలో ఎక్కించిన నీళ్ల ఫలితం ఏ ఏడాదికో, రెండేళ్లకో పక్కనున్న నాలుగో నంబరు చమురు బావిలో కనిపిస్తుంది. కనిపించినప్పుడు అభినందనలు నాలుగో బావి వాళ్లకే వెళ్తాయి. ఆయనకు అందులో బాధేమీ లేదు. తోసిందెవరో రాయికి తెలుసు అనుకునేవాడు.

ఆ రాయితో రెండు భయాలు. నీళ్లలో మురికి ఉంటే సందులు పూడుకుపోతాయి, బావి నీళ్లు తీసుకోవడం మానేస్తుంది. ఒత్తిడి ఎక్కువైతే రాయి చిట్లుతుంది. చిట్లిందంటే నీళ్లు ఇక సందుల జోలికి పోవు, పగులు పట్టుకుని నేరుగా చమురు బావిలోకి వెళ్లిపోతాయి. ఆ తరవాత నాలుగో బావిని ఎన్నాళ్లు తోడినా నీళ్లే వస్తాయి. అందుకే తొమ్మిదో బావి ఒత్తిడి చూపే గేజీ అద్దం మీద, నూట డెబ్భై దగ్గర, ఒక ఎర్ర గీత ఉంది. రంగు దొరక్కపోతే ఒకనాడు ఇంటి నుంచి భార్య గోళ్ల రంగు సీసా తెచ్చి ఆయనే గీశాడు. ఆ గీతను ముల్లు ఇంతవరకూ ముట్టుకోలేదు.

ఏడు కొట్టేసరికి గేటు దగ్గర ఫోను అప్పగించి పంపుగదిలోకి వెళ్లాడు. లోపల చమురు ఆవిర్లు ఉంటాయి కాబట్టి అక్కడికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. మూడు లావుపాటి కడ్డీలు ఒకదాని తరవాత ఒకటి ముందుకీ వెనక్కీ ఆడుతున్నాయి. గది నేల కాళ్ల కింద సన్నగా అదురుతుంది. గేజీ చూశాడు. నూట అరవై ఒకటి. రిజిస్టరులో నూట అరవై ఒకటి అని రాశాడు. నిజమే రాశాడు, అయినా గేజీని మళ్లీ ఒకసారి చూశాడు.

తరవాత పరీక్ష. ఫిల్టరు దాటాక ఉన్న కుళాయిని కాసేపు పారనిచ్చి, లీటరు సీసాను మూడుసార్లు తొలిచి నింపాడు. చిన్న గదిలోకి వచ్చి, సీసా మూతంత ఉండే తెల్లటి వడపోత బిళ్ళను పట్టకారుతో అంచు మాత్రమే పట్టుకుని గరాటులో పరిచాడు. చేతి పంపు కొడుతూ నీళ్లను దాని గుండా లాగాడు. నీళ్లన్నీ దిగిపోయాక ఆ తడి బిళ్ళను పింగాణీ పలక మీద పెట్టి, దుమ్ము పడకుండా పైన గాజు గ్లాసు బోర్లించాడు. అది రాత్రంతా ఆరాలి. పొద్దున చిన్న త్రాసులో తూచి, ఎంత మురికి పట్టిందో రాసి, బిళ్ళను ఆ తేదీ పక్కన అతికించాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇంతే. అలమారలో ముప్పై రిజిస్టర్లు, అన్నిటిలో తెల్లటి బిళ్ళలు వరసగా ఉన్నాయి. ఒక్కరోజు కూడా ఖాళీ లేదు. ఎవరూ తిరగెయ్యరు కూడా.

ఈ ఏటి రిజిస్టరులో ఇరవై రెండు రోజుల కిందటి తేదీ పక్కనున్న బిళ్ళ మాత్రం దొంగది.

ఆ రోజు పరీక్షను తరవాతకు ఆపి, పదకొండింటికి ఫిల్టరు సంచులు మార్చే పని పెట్టుకున్నాడు. సంచులు విప్పినంతసేపూ పంపు ఆగకుండా, నీళ్లు ఫిల్టరు పక్కనుంచి పోయే బైపాస్ వాల్వు తెరుస్తారు. పది నిమిషాల పని. సరిగ్గా అప్పుడే గేటు వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చి, మీ ఆవిడ పడిపోయిందట, పక్కింటివాళ్లు ఫోను చేశారు అన్నాడు. ఆయన చేతులు తుడుచుకున్నాడో లేదో కూడా గుర్తులేదు. సెలవు చీటీ రాయలేదు, ఎవరితో చెప్పలేదు. ఆస్పత్రి, ఎక్సురే, కట్టు అన్నీ అయ్యి తిరిగి వచ్చేసరికి నాలుగైంది. వాల్వు తెరిచే ఉంది. ఐదు గంటల పాటు నీళ్ల తొట్టి అడుగున పేరుకున్న మురికి నీళ్లు వడకట్టకుండా తొమ్మిదో బావిలోకి పోయాయి. వాల్వు కట్టేసే ముందు అలవాటుకొద్దీ ఆ నీళ్లే పట్టి పరీక్ష చేశాడు. బిళ్ళ టీ రంగులో వచ్చింది.

మర్నాడు పొద్దున గేజీ ముల్లు నూట నలభై ఒకటి నుంచి నూట యాభై తొమ్మిదికి ఎగిరి కూర్చుంది.

రిటైరు కావడానికి పదకొండు నెలలుంది. అంతకు ముందు వారమే స్టేషను ఇన్‌చార్జి, చీటీ లేకుండా అరగంట బయటికి పోయినందుకు ఒక వెల్డరును ఇంటికి పంపాడు. నీళ్లాయన భయపడ్డాడు. దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు, ఆయన భయపడ్డాడు. నూట యాభై తొమ్మిది రాయాల్సిన చోట నూట నలభై రెండు రాశాడు. మర్నాడు నూట నలభై మూడు. రోజుకొకటి చొప్పున మెట్లెక్కించి పద్దెనిమిదో రోజుకు తన అంకెను గేజీ అంకెతో కలిపాడు. రాసేదీ ఆయనే, చూసేదీ ఆయనే కాబట్టి అడిగేవాళ్లు లేకపోయారు. ఆ రోజు తేదీ పక్కన, ఫిల్టరు నీళ్లతో తీసిన తెల్లబిళ్ళ అతికించాడు. టీ రంగు బిళ్ళను మాత్రం పారెయ్యలేకపోయాడు. బిళ్ళ పారెయ్యడం ఆయన చేతులకు తెలియదు. కళ్లద్దాల డబ్బాలో పెట్టుకుని, అప్పటి నుంచీ జేబులో మోస్తున్నాడు.

"అన్నా," అంటూ పంపు మెకానిక్ తలుపులోంచి తొంగి చూశాడు. భుజం దాకా గ్రీజు పూసుకుని ఉంటాడు కాబట్టి అతన్ని గ్రీజు అంటారు. నీళ్లాయన కంటే పదేళ్లు చిన్న. "విన్నావా, మధ్యాహ్నం రెండింటికి ప్రెజరు పెంచుతారట. నూట ఎనభై ఐదుకి. సేఫ్టీ వాల్వు స్ప్రింగు మార్చమన్నారు."

"నూట ఎనభై ఐదు ఎందుకు?"

"నన్నడుగుతావేంటి. నేను అంకెలు చూడను, చప్పుడు వింటాను." మెకానిక్ వెళ్లబోయి ఆగాడు. "నీ పంపు గొంతు మారింది అన్నా. మూడు వారాలైంది. అప్పుడే అందామనుకున్నా."

"ముసలిదైపోయింది," అన్నాడు నీళ్లాయన.

మెకానిక్ ఆయన మొహంలోకి ఒక క్షణం చూసి వెళ్లిపోయాడు.

ఇంజనీరమ్మ పదింటికి వచ్చింది. ముప్పై దాటి ఉండదు. బురద బూట్లు విప్పకుండానే నీళ్లాయన గదిలోకి వచ్చి కూర్చుని, రిజిస్టరు ముందు పెట్టుకుని, చదరాల కాగితం మీద అంకెలను చుక్కలుగా పెట్టడం మొదలుపెట్టింది. ఇన్‌చార్జి పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. చుక్కలన్నీ పెట్టాక స్కేలు ఆనించి గీత గీసింది. గీత నునుపుగా, ఎక్కడా వంకర లేకుండా పైకి వెళ్లింది.

"ఎంత పొందికగా ఉందండీ," అంది ఆయనవైపు చూసి. "చాలా స్టేషన్లు తిరిగాను. ఇంత శ్రద్ధగా రాసినవాళ్లు నాకెక్కడా దొరకలేదు. బిళ్ళలు కూడా అతికించారు."

ఆయనకు చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్లలో ఆ రిజిస్టరును మెచ్చుకున్న మొదటి మనిషి, మెచ్చుకున్నది అబద్ధాన్ని.

"చూడండి సార్," అని ఆవిడ ఇన్‌చార్జి వైపు తిరిగింది. "మురికితో మూసుకుపోతే ఒక్కసారిగా ఎగరాలి. ఇది రోజుకింత చొప్పున నెమ్మదిగా పెరిగింది. అంటే రాయి నీళ్లతో నిండుతోంది. లోపలి ఒత్తిడి పెరిగితే రాయి తట్టుకునే హద్దు కూడా పెరుగుతుంది. కాబట్టి నూట ఎనభై ఐదు దాకా వెళ్లొచ్చు. వెళ్లకపోతే నాలుగో బావికి తోపు చాలదు." మళ్లీ నీళ్లాయన వైపు చూసింది. "మీరేమంటారు? రోజూ దగ్గరుండి చూసేది మీరు. ఫిల్టర్లలో ఎప్పుడైనా తేడా వచ్చిందా?"

అడగాల్సిన మాట అడిగేసింది. ఇన్‌చార్జి గడియారం మీంచి కళ్లెత్తి చూశాడు. నీళ్లాయన నీళ్లు నమిలాడు.

"ఫిల్టర్లు... మారుస్తూనే ఉంటామండి."

"అదే," అంది ఇంజనీరమ్మ, కాగితం మడిచేసి. ఇద్దరూ పంపుగది వైపు వెళ్లారు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. రాయి నిండలేదు. హద్దు పెరగలేదు. పెరిగిందల్లా బావి పక్కనే రాయి మొదట్లో పేరుకున్న మురికి. ఆ మురికిని తోసుకుని నూట ఎనభై ఐదు లోపలికి పోతే ఏమవుతుందో, ఆ రాయి పక్కన ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేసినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి లెక్క తప్పలేదు. ఆయనిచ్చిన అంకెలతో చేస్తే ఎవరు చేసినా అదే వస్తుంది. రేపు రాయి చిట్లితే తప్పు ఆమె నెత్తిన పడుతుంది. ఈ ఆలోచన వచ్చాక ఆయనకు కూర్చోవడం కుదరలేదు. లేచి తిరిగాడు. తిరగడమూ కుదరలేదు. కడిగిన సీసానే మళ్లీ కడిగాడు.

ఒంటిగంటన్నరకు క్యారేజీ విప్పాడు. అన్నం పక్కన కూరముక్కలు కొన్ని వేలెడంత, కొన్ని గోరంత ఉన్నాయి. భార్య ఎడమ చేత్తో తరిగింది. ఆయన తరుగుతానంటే, మీరు వేసే జడ చాలు, కూర కూడా ఎందుకు పాడుచేస్తారని పక్కింటావిడ ముందే నవ్వేసింది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు, దిగలేదు. మూత పెట్టేసి గేటు దగ్గరికి వెళ్లి ఫోను అడిగి తీసుకున్నాడు.

"ఏంటి ఈ వేళప్పుడు?" అంది భార్య. ఆవిడ గొంతులో కంగారు వినిపించింది. పనివేళల్లో ఆయన ఫోను చేసే అలవాటు లేదు.

గేటు పక్క నీడలో గోడకు ఆనుకుని ఆయన మొత్తం చెప్పాడు. వాల్వు సంగతి, అంకెల సంగతి, డబ్బాలో బిళ్ళ సంగతి. చెప్తున్నంతసేపూ చెప్పులతో నేల మీది గులకరాయిని అటూ ఇటూ తోస్తూనే ఉన్నాడు.

"నేను పడ్డ రోజేనా?" అంది ఆవిడ.

"నీదేం లేదు ఇందులో. వాల్వు మరిచిపోయింది నేను."

"ఇన్నాళ్లూ నా జుట్టు పట్టుకుని ఇది దాచారా?"

ఆయన గులకరాయిని దూరంగా తన్నాడు.

"చెప్తే ఏం చేస్తారు?"

"పంపించేస్తారు. రావలసినవి ఆగిపోవచ్చు కూడా."

"చెప్పకపోతే?"

"రాయి పగులుతుంది."

"నా ఎముక ఆరు వారాల్లో అతుక్కుంటుందన్నాడు డాక్టరు. ఆ రాయి పగిలితే అతుకుతుందా?"

"అతకదు."

ఆవిడ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "అయితే ఇంకా ఈ ఫోనులో ఏం చేస్తున్నారు? వెళ్లండి." ఆయన పెట్టెయ్యబోతుంటే మళ్లీ అంది. "నేను పడ్డానని చెప్పాల్సొస్తే మెట్ల మీద అని చెప్పండి. బాత్‌రూమ్ అని చెప్పకండి, పరువు పోతుంది."

ఆయనకు నవ్వు వచ్చింది. దాని వెంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోను వాచ్‌మన్‌కు ఇచ్చి నడిచాడు.

ధైర్యం వచ్చిందనుకున్నది పంపుగది గుమ్మం దాకా కూడా నిలవలేదు. రెండు కావస్తోంది. మెకానిక్ కొత్త స్ప్రింగు బిగించేశాడు. ఇంజనీరమ్మ గేజీ దగ్గర, ఇన్‌చార్జి తలుపు దగ్గర ఉన్నారు. ఆ చప్పుడులో మామూలుగా మాట్లాడితే వినపడదు, అరవాలి. జీవితంలో ఎవరి మీదా గట్టిగా అరవనివాడికి, తన తప్పును అరిచి చెప్పాల్సి రావడం పెద్ద శిక్షే. మేడమ్, అన్నాడు. ఎవరికీ వినపడలేదు. ఇన్‌చార్జి చెయ్యి ఊపాడు. మెకానిక్ ఒత్తిడి పెంచే చక్రం తిప్పడం మొదలుపెట్టాడు.

ముల్లు కదిలింది. నూట అరవై మూడు. నూట అరవై ఐదు. పంపు గొంతు సన్నబడి కీచుమంది. మెకానిక్ తిప్పుతున్న చెయ్యి ఆపి, తల తిప్పి, ఇన్‌చార్జి వైపు కాకుండా నీళ్లాయన వైపు చూశాడు. నూట అరవై ఎనిమిది. ముల్లు నీడ గోళ్ల రంగు గీత మీద పడింది.

ఆయన నాలుగు అడుగుల్లో గోడ దగ్గరికి వెళ్లి ఎర్ర బటన్ నొక్కేశాడు.

కడ్డీలు ఒకటీ రెండు సార్లు ఆడి ఆగిపోయాయి. నేల అదురు ఆగింది. ముప్పై ఒక్క ఏళ్లలో పగటిపూట ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండడం ఆయన పెద్దగా ఎరగడు. ఇక అరవాల్సిన పని లేదు.

"ఆ అంకెలు నేను రాసినవండి," అన్నాడు. "గేజీ చెప్పినవి కావు."

ఎవరూ ఏమీ అనకముందే జేబులోంచి కళ్లద్దాల డబ్బా తీసి, మూత తెరిచి, ఇంజనీరమ్మకు అందించాడు. ఆవిడ బిళ్ళను వెలుతురులోకి ఎత్తి చూసింది. ఆయన తేదీ చెప్పాడు, ఐదు గంటలు అని చెప్పాడు, మర్నాటి పొద్దున అసలు అంకె నూట యాభై తొమ్మిది అని చెప్పాడు. ఎందుకు వెళ్లిపోయాడో మాత్రం చెప్పలేదు. వాచ్‌మన్ తరవాత చెప్పుకుంటాడేమో, అది వేరే సంగతి. ఆవిడ జేబులోంచి చదరాల కాగితం తీసి, తన అందమైన గీతను ఒక్క గీటుతో కొట్టేసి, దాని పక్కన నిట్టనిలువుగా మరో గీత గీసింది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"ఇంకో పది నిమిషాలైతే..." అంది. కాసేపటికి తేరుకుంది. "బావిని వెనక్కి పారించండి. మురికి దాదాపు మొదట్లోనే ఉండి ఉంటుంది. రాకుండా మిగిలింది యాసిడ్‌తో కడగొచ్చు. సార్, ఈ బావి పోలేదు."

ఇన్‌చార్జి ఆ మాట విన్నట్టు లేడు. ఆయన నీళ్లాయననే చూస్తున్నాడు. తిడతాడనుకున్నారు అందరూ. తిట్టలేదు.

"సాయంత్రం వెళ్లేటప్పుడు తాళాలు ఇచ్చేసి వెళ్లండి," అన్నాడు. "విచారణ అయ్యేదాకా రావద్దు. కాగితం ఇంటికి వస్తుంది."

అంతే అయింది. ఇరవై రెండు రోజులుగా ఏ మాట కోసం ఆయన నిద్ర మానుకున్నాడో ఆ మాట వచ్చి వెళ్లిపోయింది. ఆయన అలవాటుగా తలూపి, లీటరు సీసా తెచ్చుకోవడానికి గదిలోకి వెళ్లాడు.

తొమ్మిదో బావి నోటి దగ్గర గొట్టం తిప్పి, లోపలి నీళ్లు పైకి వచ్చేలా పక్కనున్న గుంటలోకి వదిలారు. మొదట వచ్చిన నీళ్లు చిక్కగా, గోధుమ రంగులో, కుళ్లు వాసనతో దూకాయి. ఇంజనీరమ్మ వద్దన్నా వినకుండా నీళ్లాయన పది నిమిషాలకొకసారి వంగి సీసా పట్టాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. సీసాలను వరసగా గట్టు మీద పెట్టాడు. మొదటిది టీ, రెండోది కొంచెం పల్చటి టీ, ఐదో దానికి అవతలనున్న కంచె మసగ్గా కనిపించింది, పదో దానిలోంచి కంచె తీగలు లెక్కపెట్టొచ్చు. వాటిని చూసి ఆయన చాలా రోజుల తరవాత సంతోషపడ్డాడు.

నాలుగున్నరకు పదమూడో సీసా పట్టుకుని గదిలోకి వచ్చాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, తెల్లబిళ్ళను పట్టకారుతో అంచు పట్టుకుని గరాటులో పరిచాడు. పంపు కొట్టాడు. పొద్దుటి బిళ్ళ పక్కనే ఇంకో పింగాణీ పలక మీద ఈ బిళ్ళను పెట్టి, గ్లాసు బోర్లించాడు. తరవాత రిజిస్టరు తెరిచి, దొంగ అంకెల మీద ఒక్కొక్క గీత గీసి, పక్కన అసలు అంకెలు రాశాడు. అవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. దొంగ బిళ్ళను గోటితో ఊడదీసి, ఇంజనీరమ్మ తిరిగిచ్చిన టీ రంగు బిళ్ళను ఆ తేదీ పక్కన, ఉండాల్సిన చోట, అతికించి వేలితో నొక్కి పట్టాడు.

ఇంజనీరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఆ కొత్తది ఎలా ఉందండీ?" అని అడిగింది. "తెల్లగానే ఉన్నట్టుందా?"

"తడి మీద రంగు సరిగ్గా తెలియదమ్మా. ఆరాక చూడాలి. పొద్దున తూచాలి."

"పొద్దున..." అంది ఆవిడ. అని తల దించుకుంది.

తాళాలు ఇన్‌చార్జి బల్ల మీద పెట్టాడు. ఇన్‌చార్జి కాగితాల నుంచి తలెత్తలేదు. మెకానిక్ గేటు దాకా వెంట వచ్చాడు. సైకిలు హ్యాండిలు మీద గ్రీజు అంటుతుందని కూడా చూసుకోకుండా చెయ్యి వేశాడు.

"ఆ రోజే తెలిసింది అన్నా నాకు. పంపు గొంతు విన్నాక. అడిగుంటే బాగుండేది."

"నువ్వడిగినా చెప్పేవాణ్ణి కాదు తమ్ముడూ."

"ఆ బిళ్ళ రేపు నేను చూసి ఫోను చేస్తాలే."

"నీకు త్రాసు పట్టడం రాదుగా."

"రాదు," అన్నాడు మెకానిక్. నీళ్లాయన ఫోను తీసుకుని, వాచ్‌మన్‌కు ఎప్పటిలాగే వస్తానని చెప్పి సైకిలెక్కాడు. కాస్త దూరం వెళ్లాక చొక్కా జేబు తడుముకున్నాడు. కళ్లద్దాల డబ్బా తేలిగ్గా ఉంది. ఇంటి దగ్గర జడ ఈపాటికి ఊడిపోయి ఉంటుంది, మళ్లీ వెయ్యాలి అనుకుంటూ తొక్కాడు.

చీకటిపడే ముందు ఎవరో వచ్చి చిన్న గది దీపం ఆర్పి తాళం వేశారు. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురులో బల్ల మీద రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఒకదాని కింద పొద్దుటి బిళ్ళ పూర్తిగా ఆరిపోయింది. రెండో గ్లాసు లోపలి గోడకు సన్నగా ఆవిరి పట్టింది, దాని కింద పదమూడో సీసా బిళ్ళ అంచులు ఆరి మధ్యలో మాత్రం ఇంకా తడిగా ఉంది.